విమర్శకుడుగా హెచ్. జి. వెల్స్

హెర్బర్ట్ జార్జి వెల్స్ 1866 సెప్టెంబరు 21వ తేదీన ఇంగ్లండునందలి కెంటు మండలమున బ్రామ్లీ యను పట్టణములో జన్మించెను. తండ్రి చిన్న దుకాణదారు. తల్లి ఒక ప్రభుగృహమున నిర్వాహకురాలు. బాలుడు బట్టల కొట్టులో పని నేర్వలేక చదువు వైపు మరలి, 1884లో లండను విజ్ఞానశాస్త్ర పాఠశాలలో చేరి, టి. హెచ్. హక్స్‌లీ యొద్ద జీవశాస్త్రము నభ్యసించెను.

నవలాకారుడుగా వెల్స్ లోకప్రసిద్ధుడు. ఆయన సమీక్షలు మాత్రము, పెక్కులు పేరు లేక వెలువడుటచే, చిరకాలము మరుగున నుండెను. 1895 జనవరిలో పాల్ మాల్ గెజెట్ పత్రికకు నాటక విమర్శకుడైన వెంటనే ఆయన చూచిన ప్రదర్శనలలో హెన్రీ జేమ్స్ రచించిన గై డామ్‌విల్ ఒకటి. ప్రేక్షకులు రచయితను కేకలతో అవమానించిన యా రాత్రి వెల్స్ అచ్చటనే యుండెను. తరువాతి కథ నెరిగినవారికి ఈ తొలి ఘట్టము విచిత్రముగా దోచును.

ఆ సంవత్సరమే ఫ్రాంక్ హారిస్ సంపాదకుడుగా నున్న సాటర్డే రివ్యూలో నవలల సమీక్ష ఆయనకు లభించెను. టైమ్ మెషీన్ గ్రంథరూపమున వెలువడినదియు 1895లోనే. అప్పటికి ప్రసిద్ధి లేని జోసెఫ్ కాన్రాడ్ తొలి నవలను ఆయన ఆదరించెను. 1896లో రెండవ నవలను సమీక్షించుచు, రచయిత ప్రతిభను మిక్కిలి మెచ్చుచునే, వాక్యవిస్తారమును నిర్దాక్షిణ్యముగా నెత్తిచూపెను. కాన్రాడ్ ఆ అజ్ఞాత విమర్శకునకు లేఖ వ్రాసి, పేరు తెలిసికొని, మిత్రుడయ్యెను. 1907 నాటి సీక్రెట్ ఏజెంట్ నవలను వెల్స్‌కే అంకితము చేసెను. దోష మెంచినవానికి కృతి నిచ్చుట మన కవుల చరిత్రలందును అరుదే.

1911లో సమకాలిక నవలను గూర్చి యుపన్యసించుచు వెల్స్, నవల సంఘసమస్యల నన్నింటిని చర్చింపవచ్చుననియు, దానిని రూపనియమములతో బంధింపరాదనియు వాదించెను. జేమ్స్‌కు రూపమే ప్రాణము. 1914లో టైమ్స్ సాహిత్య పత్రికయందు ఆయన, వెల్స్, బెన్నెట్ ప్రభృతులు సామగ్రిని కుప్పవోయుదురే కాని కళగా మలచరని సూచించెను. మరుసటి యేడు బూన్ అను గ్రంథమున వెల్స్ జేమ్స్ శైలిని పరిహసించెను. వాదమున కొంత న్యాయము కలదు. పరిహాసము మాత్రము క్రూరము. వృద్ధుడు, రోగపీడితుడునైన జేమ్స్ మిక్కిలి నొచ్చుకొని, కళయే జీవితమునకు విలువ కల్పించునని బదులు వ్రాసి, 1916 ఫిబ్రవరిలో మరణించెను. స్నేహము తిరిగి యతుకలేదు.

అట్లని వెల్స్ నూతన శిల్పమునకు విరోధి యనుట పొరపాటు. 1917లో జేమ్స్ జాయిస్ తొలి నవలను, అందలి మాలిన్యప్రసక్తిని నిరసించుచునే, నేషన్ పత్రికలో శ్లాఘించెను. వైజ్ఞానిక కల్పనయెడలనే ఆయన తీర్పు మరింత కఠినము. 1927లో ఫ్రిట్జ్ లాంగ్ చలనచిత్రము మెట్రోపోలిస్‌ను న్యూయార్క్ టైమ్స్‌లో తీవ్రముగా ఖండించెను: యంత్రము మోటుచాకిరిని తొలగించును గాని బానిసల సంఖ్యను పెంచదు, అందలి భావి నగరము, తన పూర్వరచన ఛాయలతో సహా, పాతబడినది. 1933లో తన వైజ్ఞానిక నవలల సంపుటమునకు వ్రాసిన పీఠికలో జూల్స్ వెర్న్‌తో పోలికను నిరాకరించి, కథలో అసంభవ మొక్కటియే యుండవలెననియు, తక్కినదెల్ల నిత్యజీవితమువలె నడువవలెననియు నిర్ణయించెను.

వెల్స్ 1946 ఆగస్టు 13వ తేదీన లండనులో మరణించెను. ఆయన సాహిత్యవిమర్శల సంకలనము పారిండర్, ఫిల్మస్ అను పండితుల సంపాదకత్వమున 1980లో వెలువడెను.