డకోటా రెక్కలపై బిజూ పట్నాయక్: సొంత విమానాన్నే పణంగా పెట్టిన వైమానికుడు

సూరత్ (గోడాదరా): మరమగ్గాల నగరమైన సూరత్‌కు గోడాదరా వంటి వాడల్లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలతోపాటు, ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి కూడా కార్మికులు పెద్దసంఖ్యలో తరలివచ్చారు. తెలుగు, ఒడియా భాషలు చిరకాలంగా కలిసి మెలసి ఉన్న జిల్లా అది. 1936 వరకు మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆ జిల్లా మూలాలున్న కుటుంబంలో పుట్టి, జంట ఇంజిన్ల విమానాలకు యజమానియై, స్వయంగా వాటిని నడిపి చరిత్రకెక్కిన వ్యక్తి బిజూ పట్నాయక్.

ఆయన 1916 మార్చి 5న కటక్‌లో జన్మించారు. రావెన్‌షా కళాశాలలో చదువును మధ్యలోనే విడిచి వైమానిక శిక్షణ పొందారు. ఇండియన్ నేషనల్ ఎయిర్‌వేస్‌లో పైలట్‌గా చేరారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రంగూన్ నుంచి ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మరోవైపు క్విట్ ఇండియా ఉద్యమంలో అజ్ఞాతంలో ఉన్న నాయకులను రహస్యంగా గమ్యస్థానాలకు చేర్చారు. ఈ రెండో పని బయటపడటంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను జైలుకు పంపింది.

యుద్ధం ముగిశాక మిగులు సైనిక విమానాలు విక్రయానికి వచ్చాయి. ఆ అవకాశాన్ని అందిపుచ్చుకొని పట్నాయక్ డకోటాలతో కళింగ ఎయిర్‌లైన్స్‌ను నెలకొల్పారు. డకోటాకు ఒక్కొక్కటి సుమారు 1,200 అశ్వశక్తి గల రెండు ఇంజిన్లు ఉంటాయి. ఆనాటి స్పిట్‌ఫైర్ వంటి యుద్ధ విమానాల ఇంజిన్లను ద్రవంతో చల్లబరిచేవారు. రేడియేటరుకు చిన్న చిల్లు పడినా ద్రవం కారిపోయి, కొద్దిసేపటికే ఇంజిన్ వేడెక్కి ఆగిపోయేది. డకోటా ఇంజిన్లను గాలే చల్లబరుస్తుంది. ఒక ఇంజిన్ మొరాయించినా రెండోదానితో గమ్యం చేరే అవకాశం ఉంటుంది. సరైన రన్‌వే లేని చోట కూడా దిగగలదు. పరిమిత వనరులున్న యజమానికి ఇవి ఎంతో విలువైన గుణాలు.

ఆ గుణాలకు అసలు పరీక్ష 1947 జూలైలో ఎదురైంది. ఇండోనేషియా స్వాతంత్ర్యాన్ని అణచివేసేందుకు డచ్ సైన్యం జావాపై దాడికి దిగింది. ఇండోనేషియా నాయకుడు సుతాన్ షహ్రీర్‌ను బయటకు తీసుకురావలసిందిగా జవహర్‌లాల్ నెహ్రూ పట్నాయక్‌ను కోరారు. గగనతలంపై డచ్ వారి ఆధిపత్యం ఉంది. విమానం కూలితే ప్రాణంతోపాటు సంస్థ ఆస్తి కూడా పోతుంది. లాభనష్టాలు చూసుకునే వ్యాపారి వెనుకాడే ప్రయాణమది. పట్నాయక్ తన భార్య జ్ఞాన్‌తో కలిసి జావాకు వెళ్లి, షహ్రీర్‌ను సింగపూర్ మీదుగా భారత్‌కు తీసుకొచ్చారు. ఆగస్టులో షహ్రీర్ ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో తన దేశం తరఫున వాదన వినిపించారు. ఇండోనేషియా ఈ సాయాన్ని మరువలేదు. 1995లో తన స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల సందర్భంగా పట్నాయక్‌ను జాతీయ పురస్కారంతో సత్కరించింది.

1947 అక్టోబరులో కశ్మీర్‌పై దాడి జరిగినప్పుడు శ్రీనగర్‌కు సైనికులను చేరవేసిన డకోటాల కార్యక్రమంలోనూ ఆయన పాలుపంచుకున్నారు.

1953లో విమానయాన సంస్థల జాతీయీకరణ జరిగినప్పుడు, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న దక్కన్ ఎయిర్‌వేస్‌తోపాటు కళింగ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది. అనంతరం పట్నాయక్ దృష్టి పరిశ్రమలు, రాజకీయాల వైపు మళ్లింది. సైన్సును ప్రజలకు చేరువ చేసేవారికి యునెస్కో ప్రదానం చేసే కళింగ బహుమతి ఆయన విరాళంతోనే ఏర్పడింది. 1961 నుంచి 1963 వరకు, తిరిగి 1990 నుంచి 1995 వరకు ఒడిశా ముఖ్యమంత్రిగా పనిచేశారు. పదవి సొంత సంస్థలకు ఉపకరించిందన్న ఆరోపణలు వచ్చి, విచారణ కమిషన్ కూడా ఏర్పడింది. వైమానికుడిగా ప్రశంసలు తెచ్చిన తెగువ పాలకుడిగా వివాదాలనూ తెచ్చింది.

1997 ఏప్రిల్ 17న ఆయన కన్నుమూశారు. కోల్‌కతా విమానాశ్రయంలో ఏళ్ల తరబడి నిరుపయోగంగా పడి ఉన్న కళింగ డకోటాను 2023 జనవరిలో విడిభాగాలుగా చేసి లారీలపై భువనేశ్వర్‌కు తరలించారు. ఒకప్పుడు సముద్రాలు దాటిన ఆ విమానం చివరకు రోడ్డు మార్గాన, ఆయన పేరే పెట్టుకున్న విమానాశ్రయం ఉన్న నగరానికి చేరింది.