పాత విద్యార్థుల జట్టు నుంచి ఆసియా స్వర్ణం దాకా: ఫుట్‌బాల్ గురువు రహీం సాబ్

బేగంబజార్: ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవారు బిందెలకు, గుండిగలకు, పప్పు దినుసులకు బేగంబజారు దారి పట్టడం చుట్టుపక్కల పల్లెల్లో తాతలనాటి నుంచి ఉన్న అలవాటు. నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలసిన బజారు ఇది. కొన్న సామాను బండికెత్తించి, ముస్లింజంగ్ వంతెన మీదుగా మూసీ దాటితే అవతలి గట్టున హైకోర్టు, ఆ పక్కనే సిటీ కాలేజి కనిపిస్తాయి. ఆ కాలేజి ముందు నుంచి ఎన్నోసార్లు పోయినవారికి కూడా తెలియని సంగతి ఒకటుంది. భారతదేశానికి ఫుట్‌బాల్‌లో రెండుసార్లు ఆసియా స్వర్ణం తెచ్చిపెట్టిన గురువు ఆట మొదలుపెట్టింది ఆ కాలేజి పాత విద్యార్థుల జట్టులోనే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళందరికీ ఆయన రహీం సాబ్.

చదువు, ఆట

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఆయన తొమ్మిదేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు, 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. సిటీ కాలేజి అప్పట్లో సిటీ హైస్కూలు. 1921లో అక్కడ ఇంటర్మీడియెట్ తరగతులు పెట్టి ఉస్మానియాకు జతచేశారు. 1929లో అది పూర్తి కాలేజి అయింది.

ఆ రోజుల్లో సిటీ కాలేజిలో చదివి వెళ్ళినవారూ, ఇంకా చదువుతున్నవారూ కలిసి ఒక జట్టు కట్టుకున్నారు. దాని పేరు ఎలెవెన్ హంటర్స్. తర్వాత ఆ పేరు మార్చి సిటీ కాలేజి ఓల్డ్ బాయ్స్ అన్నారు. 1927 నుంచి 1931 వరకు స్థానిక లీగులో అది మేటి జట్టు. రహీం అందులో ఆడారు. ఉస్మానియాలో చదివేటప్పుడు విశ్వవిద్యాలయం జట్టుకూ ఆడారు. తర్వాత పేరున్న కమర్ క్లబ్బులో చేరారు.

మామూలుగా కాలేజి జట్టు అంటే చదువుతో పాటే ముగిసిపోతుంది. పరీక్ష అయిపోగానే ఒకరు ఉద్యోగానికి, ఒకరు వ్యాపారానికి, ఒకరు సొంత ఊరికి పోతారు. ఓల్డ్ బాయ్స్ జట్టులో అట్లా జరగలేదు. చదువు ముగిసినవారు సాయంత్రానికి మళ్ళీ మైదానానికి వచ్చేవారు. పెద్దవాడి పక్కన ఆడుతూ చిన్నవాడు ఆట నేర్చుకునేవాడు. తన పాత కాలేజి గెలవాలన్న అభిమానం ఆ జట్టును నిలబెట్టింది. జట్టును కట్టడం ఒక ఎత్తు, అది చెదిరిపోకుండా చూడటం ఒక ఎత్తు. ఈ పాఠం రహీంకు ఇరవై ఏళ్ళ వయసులోనే వంటబట్టింది.

బడిపంతులు

పట్టం పుచ్చుకున్న తర్వాత రహీం ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని, చివరి రెండు స్కూళ్ళలోనూ ఆటల బాధ్యత తామే చూసుకున్నారు.

1940ల మొదట్లో ఆయనను హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఎన్నుకున్నారు. కడవరకూ ఆ పదవిలో ఆయనే ఉన్నారు. ఆయన ఆ పదవిలో కూర్చుని లెక్కలు రాయడంతో సరిపెట్టలేదు. పిల్లలకు ఆట నేర్పడానికి కొత్త కొత్త పోటీలు పెట్టారు.

మనిషికి సాధారణంగా కుడికాలు వాటం. ఎడమకాలితో బంతి తన్నమంటే తడబడతాడు. జోడెద్దుల్లో ఒక్కటే నడిస్తే బండి సాగదు గదా! అందుకని రహీం వాటం లేని కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు జరిపించారు. బంతిని తన దగ్గరే పెట్టుకుని నలుగురిని తప్పించి చప్పట్లు కొట్టించుకోవాలని కుర్రవాళ్ళకు సరదా. దానికి విరుగుడుగా డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో మరో పోటీ. బంతి అందగానే ఒకటి రెండు తాకుళ్ళలో తోటివాడికి ఇచ్చెయ్యాలి. పొట్టి పిల్లలు వెనకబడిపోకుండా ఎత్తును బట్టి వేరే పోటీ. ఇవన్నీ ఖర్చులేని పనులు. కావలసిందల్లా ఒక బంతి, కాస్త జాగా, ఓపిక గల పంతులు.

పోలీసు జట్టు ప్రతాపం

1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణ రహీం చేతికి వచ్చింది. అప్పట్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనే మాట. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల అభిమానుల సందడి దేశమంతా తెలుసు. అట్లాంటిది 1950లో మన పోలీసు జట్టు డ్యూరాండ్ కప్పు ఫైనలులో మోహన్ బగాన్‌నే ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. 1956లో, 1957లో హైదరాబాద్ జట్టు జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీని వరసగా రెండుసార్లు ఎగరేసుకొచ్చింది.

ఈ గెలుపులతో నగరంలో ఆటకు అభిమానులు పెరిగారు. కలకత్తా జట్లంటే గొప్ప అనుకున్న చోట, మన కుర్రవాళ్ళ పేర్లు ఇంటింటా చెప్పుకునే రోజులు వచ్చాయి.

సికిందరాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం పేదింటి పిల్లవాడు. అతని ఆటను రహీం సాబ్ పసిగట్టి శిక్షణకు రమ్మన్నారు. రోజూ హైదరాబాదు దాకా వచ్చి వెళ్ళడానికి తన దగ్గర డబ్బులు లేవని కుర్రవాడు చెప్పుకున్నాడు. అద్దె సైకిలుకు రహీం తన జేబు నుంచి డబ్బులిచ్చారు. ఆ అద్దె సైకిలు మీద వచ్చిన బలరాం రెండు ఒలింపిక్సు ఆడాడు. కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ అభిమానులకు ఆరాధ్యుడయ్యాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూసేదాకా ఆయన పేరు చెప్పినప్పుడల్లా రహీం సాబ్ పేరు వచ్చేది.

ఉత్త కాళ్ళ నుంచి మెల్బోర్న్ దాకా

1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం శిక్షణ ఇచ్చిన భారత జట్టు ఫైనలులో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మేవాలాల్ ఆ గోలు కొట్టాడు.

మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1తో ఓడిపోయింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఉత్త కాళ్ళతో ఆడారు. చలిదేశంలో, తడి పచ్చికలో అది సాగలేదు. ఆ తర్వాతే అఖిల భారత ఫుట్‌బాల్ సంఘం బూట్లు తప్పనిసరి చేసింది. 1954 మనీలా ఆసియా క్రీడల్లోనూ ఫలితం రాలేదు. రహీం మాత్రం ఓటమిని చూసి కుంగిపోలేదు. యూరపు జట్లు ఎట్లా ఆడుతున్నాయో గమనించి, ముఖ్యంగా హంగేరీ పద్ధతిని చూసి, మన ఆటను మార్చారు. ముందు వరసలో నడుమ నిలిచే సెంటర్ ఫార్వర్డును కొంచెం వెనక్కి లాగడం ఆ పద్ధతిలో కిటుకు. అతణ్ణి కాపలా కాసే ఎదుటి ఆటగాడు వెంట వస్తే వెనక ఖాళీ ఏర్పడుతుంది. రాకపోతే బంతి మనవాడి కాళ్ళ దగ్గరే ఉంటుంది. 1958లో బ్రెజిల్ ప్రపంచానికి చూపించిన నలుగురు, ఇద్దరు, నలుగురు అనే అమరికను రహీం అంతకుముందే వాడారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవారు చెబుతారు.

ఫలితం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను వారి గడ్డ మీదే మనవాళ్ళు 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్సు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ ఘనత సాధించిన మొదటి ఆసియా వాసి అతడే. సెమీఫైనలులో యుగోస్లావియా చేతిలో 4-1తో, కంచు పతకం పోటీలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఇంతకుమించిన స్థానం ఈనాటికీ రాలేదు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదు వాళ్ళు ఆ జట్టులో ఉన్నారు.

1960లో రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సుతో 1-1తో సమంగా నిలిచారు. హంగేరీతో 2-1తో మాత్రమే ఓడారు. ఆ జట్టులో రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. తండ్రే కోచ్. అయినా హకీంకు ఒక్క మ్యాచిలో కూడా ఆడే అవకాశం రాలేదు. భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు వెళ్ళడం అదే ఆఖరు.

జకార్తా విజయం

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం ఆరోగ్యం చెడింది. ఊపిరితిత్తులకు క్యాన్సర్ సోకింది. ఆ ఒంటితోనే జట్టు వెంట వెళ్ళారు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించారు. థాయిలాండ్ మ్యాచిలో రక్షణ వరసలో ఉండే జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. తలతో బంతిని అడ్డుకోవలసిన చోట అతణ్ణి నిలబెట్టడం కష్టం. మరొకరైతే అతణ్ణి పక్కన కూర్చోబెట్టేవారు. రహీం అతణ్ణి సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. దక్షిణ వియత్నాంతో 3-2గా గెలిచిన సెమీఫైనలులో జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టాడు.

ఇంతలో బయట గొడవ ముదిరింది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఇండోనేసియా రానివ్వనందుకు ఆసియా క్రీడల సమాఖ్యలో ఉన్న భారతీయ ప్రముఖుడు జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనానికి భారత్ అంటే కోపం వచ్చింది. ఫైనలుకు ముందురోజు మన రాయబార కార్యాలయం మీద గుంపు దాడి చేసింది. సెప్టెంబరు 4న దాదాపు లక్షమంది నిండిన స్టేడియంలో మనవాళ్ళు అడుగుపెడితే అన్ని వైపుల నుంచీ ఈలలు, కేకలు. తమను ప్రోత్సహించిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉన్నారని మన ఆటగాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

ఎదురుగా ఉన్నది మొదటి ఆటలో మనల్ని ఓడించిన దక్షిణ కొరియానే. పి.కె. బెనర్జీ మొదటి గోలు, కాసేపటికే తల గాయం మానని జర్నైల్ సింగ్ రెండో గోలు కొట్టారు. ఆట చివరలో కొరియా ఒక గోలు వేసినా 2-1తో స్వర్ణం మనకు దక్కింది. చునీ గోస్వామి నాయకుడు. గోలు దగ్గర నిలిచిన తంగరాజ్ హైదరాబాదులో పుట్టినవాడు. మన పోలీసు జట్టు ఆటగాడు యూసుఫ్ ఖాన్ కూడా ఆ జట్టులో ఉన్నాడు.

ఆ తర్వాత ఏమైంది

స్వర్ణం తెచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సాబ్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళే.

ఆయన నాటిన మొక్కలు కొంతకాలం కాశాయి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970లో బ్యాంకాక్‌లో కంచు పతకం తెచ్చిన భారత జట్టుకు హైదరాబాదు వాడైన నయీముద్దీన్ నాయకుడు. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవారిలో రహీం శిష్యుడు పి.కె. బెనర్జీ ఒకరు. హకీం అంతర్జాతీయ రెఫరీగా పేరు తెచ్చుకుని, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని, 2021 ఆగస్టులో మరణించారు. కాని ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1962 తర్వాత మన దేశానికి మళ్ళీ స్వర్ణం రాలేదు. ఒకప్పుడు ఒలింపిక్ జట్టుకు అరడజను మందిని పంపిన నగరం నుంచి దేశం జట్టులోకి వెళ్ళేవారు అరుదైపోయారు.

శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. అప్పటికి రహీం పోయి 22 ఏళ్ళు. ఆయన కథ హిందీలో మైదాన్ అనే సినిమాగా 2024లో వచ్చింది. అది చూశాకే చాలామందికి ఇట్లాంటి మనిషి మన దగ్గర ఉన్నారని తెలిసింది.

రహీం సాబ్ పోయాక ఆటగాళ్ళు ఉన్నారు, అభిమానులు ఉన్నారు, కప్పులూ ఉన్నాయి. వెనకటి వాళ్ళు మైదానానికి వచ్చి ముందుతరానికి నేర్పే అలవాటు తగ్గిపోయింది. సిటీ కాలేజి పాత విద్యార్థుల దగ్గర ఆయన చూసింది ఆ అలవాటునే. పోలీసు జట్టులోనూ, దేశం జట్టులోనూ దాన్నే కొనసాగించారు. ఊరి బడిలో చదివి పట్నం చేరినవారు పండుగకు సొంత ఊరికి వచ్చినప్పుడు, ఆ బడి మైదానంలో ఒక్క పూట పిల్లల మధ్య నిలబడితే చాలు. రహీం సాబ్ చేసిన పని ఆ ఊళ్ళో మళ్ళీ మొదలైనట్టే.