గోడ మీది నుంచి వేలం దాకా: జన్‌గఢ్ సింగ్ శ్యామ్

అడవి జంతువుల బొమ్మలు ఉచితంగా ఇస్తే వేలం వేసి, వచ్చిన డబ్బు వన్యప్రాణుల రక్షణకు ఇస్తామంటూ ఆమధ్య కొందరు మా హాస్టల్‌కు వచ్చారు. పిల్లలు సంబరంగా పులులు, దుప్పులు, నెమళ్లు గీశారు. తీరా కట్ట కట్టేటప్పుడు చూస్తే ఏ బొమ్మ మీదా పేరు లేదు. హాస్టల్ పేరు చాలన్నారు వాళ్లు. మేము ఒప్పుకోలేదు. ప్రతి బొమ్మ మీదా గీసినవాళ్ల పేరు, ఊరు రాయించాకే పంపాం. ఆ రాత్రి స్టడీ అవర్‌లో పిల్లలకు చెప్పిన జీవితం ఇది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో బొమ్మలు గీసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకోసం ఇక్కడ రాస్తున్నాం.

మన కోయలకు డోలీలు పడిగె పట్టి వంశకథ చెప్పినట్టే, గోండులకు ప్రధాన్లు కథ చెబుతారు. ఆదిలాబాద్‌లో వాళ్ల చేతిలో కిక్రి ఉంటుంది, మధ్యప్రదేశ్‌లో బానా ఉంటుంది. అలాంటి ప్రధాన్ ఇంట్లో, మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ అనే ఊళ్లో పుట్టారు జన్‌గఢ్. పేదరికం వల్ల చదువు ఆగింది. గేదెలు కాశారు, కూలికి పోయారు. చిన్న వయసులోనే నన్‌కుసియాతో పెళ్లయింది.

1981 ప్రాంతంలో, భోపాల్‌లో కొత్తగా కడుతున్న భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందం ఊరూరా తిరుగుతూ ఆ ఊరికీ వచ్చింది. గోడ మీద ఆయన వేసిన బొమ్మ వాళ్ల కంట పడింది. భోపాల్‌కు పిలిపించారు. 1982లో భారత్ భవన్ తెరిచిన నాటికే ఆయన బొమ్మలు అక్కడ ఉన్నాయి.

అంతవరకు పాటలో ఉన్న బడాదేవ్‌ను, ఇతర దేవతలను ఆయన కాగితం మీదికి తెచ్చారు. జింకలు, పక్షులు, పులులు, మొసళ్లు గీశారు. ఒళ్లంతా చుక్కలు, సన్నని గీతలు. కొమ్ములు చూస్తే చెట్టు కొమ్మల్లా సాగిపోతాయి. ఏ ఆర్ట్ కాలేజీలోనూ నేర్చుకున్నది కాదది. 1986లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం శిఖర్ సమ్మాన్ ఇచ్చింది. 1989లో పారిస్‌లోని పాంపిడూ కేంద్రంలో జరిగిన పెద్ద ప్రదర్శనకు ఆయన బొమ్మలు వెళ్లాయి. భోపాల్ విధాన భవన్ గోడల మీదా ఆయన చిత్రాలున్నాయి. మాకు వీటన్నిటికన్నా పెద్దగా కనిపించేది వేరే ఉంది. బంధువులను, ఊరి పిల్లలను ఇంటికి రప్పించుకుని, పక్కన కూర్చోబెట్టుకుని కుంచె పట్టించారు. ఆ శైలికి జన్‌గఢ్ కలం అన్న పేరే నిలిచింది.

2001లో జపాన్‌లోని నీగాతా ప్రాంతంలో ఉన్న మిథిలా మ్యూజియంలో బొమ్మలు వేయడానికి వెళ్లారు. జూలై 3న అక్కడే, అయినవాళ్లెవరూ దగ్గర లేనిచోట, తన ప్రాణం తానే తీసుకున్నారు. అప్పటికి నలభై ఏళ్లు అటూ ఇటూ. ఈ మాట చెప్పేటప్పుడు మా గొంతు ఆగిపోయింది. ఇంటికి దూరంగా ఉన్నప్పుడు మనసు బరువెక్కితే ఎవరికో ఒకరికి చెప్పండి, అర్ధరాత్రయినా మా తలుపు తట్టండి.

2010లో న్యూయార్క్‌లోని సోథ్‌బీస్ వేలంలో ఆయన సాలీడు బొమ్మ ఒకటి 31,250 డాలర్లు పలికింది. అప్పటి లెక్కన సుమారు 14 లక్షల రూపాయలు. ఆ సొమ్ము చూడడానికి ఆయన లేరు గానీ, బొమ్మ పక్కన ఆయన పేరు ఉంది.

జపాన్ ప్రయాణం గుర్తుగా ఆయన కూతురికి జపానీ అని పేరు పెట్టారు. ఆమె కూడా చిత్రకారిణే. ఆమె బొమ్మల్లోనూ జంతువులే ఎక్కువ.