టిప్పు సుల్తాన్: వ్యాపారుల వేషంలో పంపిన రాయబారం

టిప్పు సుల్తాన్ అంటే కత్తి, రాకెట్లే అందరికీ గుర్తొస్తాయి. కానీ ఆయన గట్టి వ్యాపారి కూడా. మిరియాలు, యాలకులు, గంధపు చెక్క అమ్మకాలను సర్కారు చేతిలో పెట్టుకున్నారు. మస్కట్‌లో మైసూరు కోఠీ తెరిపించారు.

ఈస్టిండియా కంపెనీని మాత్రం నమ్మలేదు. తక్కెడ పట్టుకుని వచ్చినవాళ్లు బెంగాల్‌లో ఏం చేశారో ఆయనకు తెలుసు. అందుకే తన సరుకు ఇంగ్లీషువాళ్లకు అందకుండా ఆంక్షలు పెట్టారు. 1792లో ఓడిపోయాక సగం రాజ్యం పోయింది. మిరియాలు పండే మలబారు కంపెనీకి, మన కడప నిజాంకు దక్కాయి.

తర్వాత ఫ్రెంచివారి సాయం కోసం ఇద్దరు రాయబారులను వ్యాపారుల వేషంలో మారిషస్‌కు పంపారు. గుట్టుగా జరగాల్సిన పని అది. అక్కడి గవర్నర్ మలార్టిక్ 1798 జనవరిలో ఏకంగా బహిరంగ ప్రకటనే వేయించాడు! వచ్చిన సైనికులు వందమంది లోపే. ప్రకటన కాగితం మాత్రం కలకత్తాకు చేరింది.

నిజానికి కంపెనీకీ లండన్‌లో సీక్రెట్ కమిటీ ఉండేది. అయినా అనుమానం టిప్పు మీదే నిలబడింది. గవర్నర్ జనరల్ వెల్లస్లీకి కావాల్సిన సాకు దొరికింది. సెప్టెంబర్‌లో నిజాం కంపెనీ వైపు చేరారు. అక్టోబర్‌లో మస్కట్ పాలకుడూ కంపెనీతో ఒప్పందం రాసుకున్నాడు. టిప్పు నమ్ముకున్న రేవు అది.

1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు పోరాడుతూ షహీద్ అయ్యారు. మంగళూరు రేవు కూడా కంపెనీ చేతికి పోయింది.