నిరీక్షణను గణించిన ఎర్లాంగ్

గద్వాల బస్టాండులో రిజర్వేషను కిటికీ ముందైనా, వనపర్తి ఆసుపత్రిలో ఓ.పి. చీటీ కోసమైనా, నాగర్‌కర్నూల్‌లో బ్యాంకు కౌంటరు దగ్గరైనా వరుసలో నిలబడని వారుండరు. వరుస కదలకపోతే కొందరు తమ తలరాతను, మరికొందరు కిటికీ వెనుక కూర్చున్న గుమాస్తాను నిందిస్తారు. పల్లె నుంచి వచ్చిన కూలీకి ఆ ఆలస్యం ఒక పూట కూలి నష్టం. అయితే వరుసలు పెరగడానికీ తరగడానికీ ఒక నియమం ఉంది. ఆ నియమాన్ని గణితంలో ఇమిడ్చి, క్యూ సిద్ధాంతానికి పునాది వేసిన మహనీయుడు అగ్నెర్ క్రారుప్ ఎర్లాంగ్.

ఎర్లాంగ్ 1878 జనవరి 1వ తేదీన డెన్మార్క్ దేశంలోని లోన్‌బోర్గ్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి ఆ ఊరి బడిపంతులు. తల్లి మతాచార్యుల వంశానికి చెందినది. బాల్యంలో అన్న ఫ్రెడరిక్ పుస్తకం చదువుతుంటే ఎర్లాంగ్ ఎదురుగా కూర్చుని, తనకు తలకిందులుగా కనిపించే అక్షరాలను అలాగే చదివేవాడట. పద్నాలుగో ఏటనే కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం నిర్వహించే ప్రాథమిక పరీక్షకు కూర్చున్నాడు. వయసు చాలనందున ప్రత్యేకానుమతి పొంది, విశేష ప్రతిభతో ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత రెండేళ్ళు తండ్రి బడిలోనే పాఠాలు చెప్పాడు. 1896లో ఉపకారవేతనంతో విశ్వవిద్యాలయంలో చేరి, 1901లో గణితశాస్త్రంలో ఎం.ఏ. పట్టం పొందాడు. అనంతరం ఏడు సంవత్సరాలు వివిధ పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు.

డెన్మార్క్ గణితవేత్తల సంఘం సమావేశాలకు ఆయన తరచుగా హాజరయ్యేవాడు. అక్కడ కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీ ఇంజనీరు, స్వయంగా గణితవేత్త అయిన యెన్సెన్‌తో పరిచయం కలిగింది. ఆ పరిచయం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1908లో ఎర్లాంగ్ ఆ కంపెనీలో చేరాడు.

ఆ రోజుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లు తీగలను చేతితో కలిపితేనే ఇద్దరు మాట్లాడుకోగలిగేవారు. మన పట్టణాలలో ట్రంకాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకుని కూర్చున్న కాలం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. లైన్లు, ఆపరేటర్లు తక్కువైతే ప్రజలకు ఇబ్బంది. ఎక్కువైతే కంపెనీకి వృథా వ్యయం. మరి ఎన్ని ఉంటే చాలును? ఈ ప్రశ్నకు ఊహతో గాక లెక్కతో సమాధానం చెప్పాలని ఎర్లాంగ్ సంకల్పించాడు.

ఎవరు ఏ క్షణంలో ఫోను చేస్తారో ముందుగా చెప్పడం అసాధ్యం. కాని వేలమంది చేసే పిలుపులను కలిపి చూస్తే వాటిలో ఒక క్రమం గోచరిస్తుంది. ఆ పిలుపులు పాయిజాన్ విభాజనాన్ని అనుసరిస్తాయని 1909లో ప్రచురించిన వ్యాసంలో ఆయన నిరూపించాడు. 1917లో వెలువరించిన మరొక వ్యాసంలో, లైన్లన్నీ నిండి ఉన్నప్పుడు ఒక పిలుపు విఫలమయ్యే సంభావ్యతను, వేచి ఉండవలసిన కాలాన్ని తెలిపే సూత్రాలను అందించాడు.

ఈ సూత్రాల మహిమ ఒక చిన్న ఉదాహరణతో బోధపడుతుంది. ఒక కిటికీ వద్ద ఒక్కొక్కరి పనికి సగటున నాలుగు నిమిషాలు పడుతుందనుకుందాం. అంటే గంటకు 15 మంది పని పూర్తికావచ్చు. గంటకు సగటున 12 మంది వస్తారు. 15 మందికి చాలిన చోట 12 మందే వస్తే వరుస ఉండదని మనకు తోస్తుంది. కాని మనుషులు సమాన వ్యవధిలో రారు. అందరి పనీ ఒకే సమయంలో ముగియదు. ఈ రెండూ యాదృచ్ఛికంగా మారుతుంటాయని భావించి లెక్కిస్తే, ఒక్కొక్కరు సగటున 16 నిమిషాలు వేచి ఉండవలసి వస్తుంది. వచ్చేవారి సంఖ్య 14కు పెరిగితే నిరీక్షణ 56 నిమిషాలకు చేరుతుంది. పెరిగినది ఇద్దరే, కాని ఆలస్యం మూడు రెట్లు దాటింది! ఇందులో గుమాస్తా దోషం ఏమీ లేదు. అటువంటిదే మరొక కిటికీ తెరిచి, రెండింటి ముందు వేరువేరు వరుసలు నడిపి, వచ్చినవారిని చెరిసగంగా పంపితే నిరీక్షణ మూడున్నర నిమిషాలకు దిగుతుంది. రెండు కిటికీలకూ కలిపి ఒకే వరుస నడిపితే ఒక నిమిషానికి కొంచెం పైన మాత్రమే. సొమ్ము ఖర్చు లేకుండా, వరుసను మార్చినంతనే ప్రజల కాలం మిగులుతుందన్నమాట.

ఎర్లాంగ్ కేవలం కాగితం మీద లెక్కలు వేసే పండితుడు కాడు. టెలిఫోన్ కేబుళ్ళకు సంబంధించిన విద్యుత్ కొలతల కోసం, నిచ్చెన మోసే ఒక పనివానిని వెంటబెట్టుకొని కోపెన్‌హాగెన్ వీధుల్లో తిరుగుతూ, మ్యాన్‌హోళ్ళలోకి స్వయంగా దిగేవాడు. ఆయన వివాహం చేసుకోలేదు. గణితం, ఖగోళశాస్త్రం, చరిత్ర, కవిత్వం మొదలైన గ్రంథాలతో పెద్ద గ్రంథాలయం సమకూర్చుకున్నాడు. సాయం కోరి వచ్చిన పేదలను ఆదుకునేవాడు. అదీ పరులకు తెలియకుండా చేసేవాడు.

సుమారు ఇరవై సంవత్సరాల ఉద్యోగ జీవితంలో ఆయన అనారోగ్యం పేరిట సెలవు పెట్టి ఎరుగడు. 1929 జనవరిలో ఉదర సంబంధమైన శస్త్రచికిత్స కోసం ఆసుపత్రిలో చేరి, ఫిబ్రవరి 3వ తేదీన 51వ ఏట కన్నుమూశాడు. ఇతరుల కాలాన్ని కాపాడిన వానికి కాలం కరుణ చూపలేదు.

ఆయన జీవించి ఉండగానే బ్రిటిష్ తపాలా శాఖ ఆయన సూత్రాన్ని స్వీకరించింది. 1946లో టెలిఫోన్ రద్దీని కొలిచే అంతర్జాతీయ ప్రమాణానికి ఎర్లాంగ్ అని పేరు పెట్టారు. ఒక లైనులో రెండేసి నిమిషాల సంభాషణలు గంటకు 30 జరిగితే ఆ భారం ఒక ఎర్లాంగ్. టెలిఫోన్ కోసం పుట్టిన ఈ సిద్ధాంతం తరువాతి కాలంలో బ్యాంకులకు, ఆసుపత్రులకు, విమానాశ్రయాలకు, కంప్యూటర్లకు విస్తరించింది.

వరుసలో నిలిచిన ప్రతి మనిషి కాలానికీ విలువ ఉంది. ఆ విలువను గుర్తించడం దయ. దానిని లెక్కగట్టి కాపాడడం శాస్త్రం. ఆ రెండూ ఎర్లాంగ్ జీవితంలో కలిసి నడిచాయి. రేపు ఏ కార్యాలయంలోనో, ఆసుపత్రిలోనో కిటికీ వెనుక కూర్చోబోయే విద్యార్థులు ఆయన జీవితం నుంచి నేర్చుకోవలసినది ఇదే.