పంతులు పంపితే.. పరదేశంలో గోల్!

గాయపడిన డిఫెండర్‌తో బంగారం కొట్టించిన రహీం సాబ్

మురుగమల్ల: బాగేపల్లి మీదుగా పోయే జాతీయ రహదారిపై ఒకవైపు బెంగళూరు, ఇంకోవైపు హైదరాబాద్. ఒకప్పుడు ఈ రెండు ఊళ్లూ ఫుట్‌బాల్‌కు పుట్టిళ్లు. ఇక్కడి కుర్రాళ్లను ఏరి, విదేశీ గడ్డపై గోల్ కొట్టేలా తీర్చిదిద్దిన మనిషి ఒక బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ ఆయన రహీం సాబ్.

1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, అక్కడి జట్టుకే ఆడారు. తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఇక చూస్కోండి, 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు పోలీసులదే. బొంబాయిలో ఇంకెవరికీ దక్కనివ్వలేదు.

ఆయన పద్ధతే వేరు. డ్రిబ్లింగ్ చెయ్యకూడదని షరతు పెట్టి పోటీలు నడిపారు. వాటం లేని కాలితోనే తన్నాలని ఇంకో పోటీ. బంతిని దాచుకోవడం కాదు, పక్కవాడికి అందించడం నేర్పాలన్నది ఆయన పట్టు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం పేద ఇంటి పిల్లాడు. ప్రాక్టీసుకు రావడానికి అతనికి సైకిల్ అద్దె డబ్బులు రహీం సాబే ఇచ్చారని చెప్పుకుంటారు.

ఉత్తికాళ్లతో పది గోల్స్

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారం తెచ్చారు. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో గట్టి దెబ్బ తగిలింది. మనోళ్లు చాలామంది ఉత్తికాళ్లతో దిగారు. యుగోస్లావియా 10 గోల్స్ కొట్టేసింది. మన తరఫున ఒకే ఒక్క గోల్ కొట్టింది బెంగళూరు అహ్మద్ ఖాన్. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి.

నాలుగేళ్లు తిరిగేసరికి సీన్ మారింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డమీదే 4-2తో ఓడించారు. స్ట్రైకర్ నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. ఆ జట్టులో హైదరాబాద్ నూర్ మహమ్మద్, బెంగళూరు కెంపయ్య కూడా ఉన్నారు. చివరికి నాలుగో స్థానంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద బలరాం చెరో గోల్ కొట్టాడు. ఆ జట్టులో రహీం సాబ్ సొంత కొడుకు హకీం కూడా ఉన్నాడు. అయినా ఒక్క మ్యాచ్‌లోనూ ఆడే అవకాశం రాలేదు. కోచ్ కొడుకు బెంచీమీదే కూర్చున్నాడు.

కుట్లతోనే దింపారు

1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయ్‌లాండ్‌పై గెలిచినా డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతన్ని పక్కన పెట్టేసేవారు. రహీం సాబ్ మాత్రం సెమీస్‌లో అతన్ని ఏకంగా సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. తేడా వస్తే నింద మొత్తం ఆయన మీదే. జర్నైల్ సెమీస్‌లో గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే కొరియా. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా కేకలు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో బంగారం మనదైంది.

ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న క్యాన్సర్ రహీం సాబ్‌ను తీసుకుపోయింది. అప్పటికి ఆయనకు 53 ఏళ్లే. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్‌కు మళ్లీ బంగారం రాలేదు. రోమ్ తర్వాత ఒలింపిక్స్ గడపే తొక్కలేదు. హకీం అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకుని 2021లో కలబురగిలో కన్నుమూశారు. బలరాం 2023లో వెళ్లిపోయారు. 2024లో రహీం సాబ్ కథతో హిందీలో మైదాన్ సినిమా వచ్చాక కొత్త తరానికి ఆ పేరు తెలిసింది.

ఆయన చేతిలో పెద్ద క్లబ్బుల డబ్బు లేదు. ఉన్నదల్లా బడి మైదానం, పిల్లల్ని చూసే కన్ను. మైదానాలు ఇప్పటికీ ఊరూరా ఉన్నాయి. కావాల్సింది ఆ కన్ను ఉన్న పంతుళ్లే.