ఆచార్య జగదీశచంద్ర బోసు: తనంతట తేరుకొనే గ్రాహకం

ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి బొంగుళూరు గేటు మీదుగా ఆదిభట్ల చేరే విద్యార్థులకు ఒక అనుభవం నిత్యకృత్యం. సెల్‌ఫోనులో పాఠం వింటూ కూర్చుంటారు. ఔటర్ రింగు రోడ్డు సమీపించేసరికి ఆచార్యుల వారి నోరు తెరిచినది తెరిచినట్లే నిలిచిపోతుంది. కొన్ని క్షణాలకు పాఠం తిరిగి సాగుతుంది. ఫోను ఎవరూ తట్టలేదు, ఆపి మళ్ళీ వెలిగించలేదు. తెగిన దారాన్ని అది తనంతట ముడివేసుకొన్నది.

దినమంతా మనం నోరారా పలికే సెల్లు అన్న మాటకు అసలు అర్థం ఫోను కాదు. ఒక తరంగ స్తంభం ఏలుబడిలోని నేల సెల్లు. బస్సు ఒక ఏలుబడి దాటి మరొక దానిలో ప్రవేశిస్తున్నప్పుడు ఫోను ఇరుగుపొరుగు స్తంభాల బలాన్ని కొలిచి నివేదిస్తూ ఉంటుంది. పొరుగు స్తంభం నియమితమైన తేడాతో, నియమితమైన కాలంపాటు బలవత్తరంగా కనిపిస్తే, పాత స్తంభం కొత్తదానికి కబురు పంపి, ఇంకా అందజేయవలసిన సమాచారాన్ని కూడ దానికి అప్పగిస్తుంది. ఈ అప్పగింత ఆలస్యమైతే దారం తెగుతుంది. తొందరపడితే ఫోను రెండు స్తంభాల నడుమ బంతివలె ఎగిరిపడుతుంది. తెగినప్పుడు బలమైన స్తంభాన్ని వెదకి తిరిగి కలుపుకొనే భారం ఫోనుదే. తేరుకొనే ఈ గుణాన్ని, సెల్లులూ స్తంభాలూ లేని కాలంలో, వేరొక రూపంలో తరంగ గ్రాహకం నుండి కోరిన మహనీయుని జీవితాన్ని ఈ సంచికలో స్మరించదలచాము.

జగదీశచంద్ర బోసు 1858 నవంబరు 30న తూర్పు వంగదేశంలోని మైమన్‌సింగ్‌లో జన్మించారు. తండ్రి భగవాన్‌చంద్ర బోసు ప్రభుత్వాధికారి. ఆ హోదాగలవారు తమ బిడ్డలను ఆంగ్ల పాఠశాలకు పంపే రోజులవి. ఆయన మాత్రం కుమారుని బెంగాలీ పాఠశాలలో చేర్చారు. అక్కడ బాలునికి కుడివైపు కూర్చున్నది తండ్రిగారి ముస్లిం చప్రాసీ కొడుకు. ఎడమవైపు ఒక జాలరి బిడ్డ. ఇంటికి తీసుకువస్తే తల్లి ముగ్గురికీ భేదం చూపక వడ్డించేది. ఆ బాలురు చెప్పిన పక్షుల, చేపల ముచ్చట్లే ప్రకృతిపై తనకు ఆసక్తి కలిగించాయని బోసు పెద్దయ్యాక గుర్తు చేసుకొన్నారు. మన హైదరాబాదులో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసిన 1918కి ఎన్నో దశాబ్దాల ముందటి మాట ఇది. రెండు భాషలకు నిలయమైన మా కళాశాలలో ఈ ఘట్టాన్ని క్లుప్తపరచడానికి మాకు మనసొప్పలేదు.

కలకత్తా సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ లఫాన్ వద్ద, అటుపై కేంబ్రిడ్జిలో లార్డ్ రేలే వద్ద భౌతికశాస్త్రం నేర్చి, 1885లో ఆయన ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్య పదవిలో చేరారు. భారతీయునికి ఐరోపావానికంటే తక్కువ జీతమన్నది నాటి నియమం. ఆయన పాఠం చెప్పడం మానలేదు, ఫిర్యాదులతో కాలం గడపలేదు; జీతాన్ని మాత్రం మూడేళ్ళపాటు ముట్టలేదు. తండ్రి అప్పుల భారం నెత్తిపై ఉన్న సంసారమది. కడకు ప్రభుత్వం తల వంచి, పూర్తి జీతాన్ని వెనుకటి బకాయితో సహా చెల్లించింది. ఆ ధనం తండ్రి ఋణాలు తీర్చడానికి వినియోగపడింది.

1894లో ఆయన పరిశోధనకు పూనుకొన్నారు. కళాశాలలో దొరికిన స్థలం 24 చదరపు అడుగుల గది. జర్మనీలో హెర్ట్జ్ కనిపెట్టిన విద్యుదయస్కాంత తరంగాలను ఆయన బహు పొట్టివిగా, 25 మిల్లీమీటర్లు మొదలు 5 మిల్లీమీటర్ల వరకు కుదించారు. 1895లో కలకత్తా టౌన్ హాలులో లెఫ్టినెంటు గవర్నరు సమక్షంలో అదృశ్య తరంగాలను గోడల గుండా పంపి, దూరాన గంట మ్రోగించి, తుపాకి మందును పేల్చి చూపారు. పరికరాల కోసం విదేశాల వైపు చూడలేదు. రైళ్ళ వేళల పుస్తకం పుటల నడుమ తగరపు రేకులు దూర్చి తరంగాలను ఒకే తలంలో కంపించేలా చేశారు. జనుపనార కట్టలను మెలివేసి వాటి తలాన్ని త్రిప్పారు. 1897 జనవరిలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో తన తరంగ ప్రయోగాలను ప్రదర్శించారు.

అయితే మా దృష్టిలో ఆయన ప్రతిభ పూర్తిగా వెల్లడైనది తరంగాన్ని పుట్టించడంలో కాదు, పట్టుకోవడంలో. నాటి గ్రాహకం పేరు కొహిరరు. గాజు గొట్టంలో లోహపు రజను. తరంగం సోకగానే రజను ఒకదానికొకటి అతుక్కొని విద్యుత్తును పోనిచ్చేది. అతుక్కొన్నది విడిపోదు గనుక రెండవ తరంగానికి అది చెవిటిదే. ప్రతి సంకేతం తరువాత చిన్న సుత్తితో గొట్టాన్ని తట్టవలసినదే. బోసు రజనుకు బదులు ఉక్కు స్ప్రింగులను వరుసగా అమర్చారు గాని, వంగదేశపు తేమకు అవి తుప్పుపట్టేవి. లోహాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, తట్టనక్కరలేకుండ తనంతట పూర్వస్థితికి వచ్చే గ్రాహకాన్ని 1899లో రాయల్ సొసైటీకి వివరించారు. అందులో ఇనుము, పాదరసం కలిసే చోటును వాడి, ఫలితాన్ని టెలిఫోను ద్వారా విన్నారు. వచ్చిన సంకేతాన్ని గ్రహించడం ఎంత ముఖ్యమో, రాబోయే దానికి సిద్ధపడడమూ అంతే ముఖ్యమని గుర్తించిన పని ఇది.

1901 డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ సముద్రం ఆవలి సంకేతాన్ని విన్నది అటువంటి పాదరసపు గ్రాహకంతోనే. దాని మూలం బోసు కృషియేనని 1998లో ఒక పరిశోధకుడు సవిస్తరంగా వాదించారు. దీనినిబట్టి రేడియో యావత్తూ బోసుదేననీ, ఇతరులు అపహరించారనీ సభలలో పలకడం మాత్రం మాకు రుచించదు. దూరదేశాలకు వార్తలు పంపే వ్యవస్థను నిర్మించినవాడు మార్కోనీయే. బోసు ఆ వ్యాపారాన్ని కోరనైనా కోరలేదు. ఒక అమెరికను మహిళ పట్టుబట్టగా గెలీనా స్ఫటిక గ్రాహకానికి అమెరికాలో దరఖాస్తు దాఖలై 1904లో పేటెంటు లభించింది గాని, దానినుండి లాభం పొందే యత్నం ఆయన చేయలేదు.

ఆయన కుదించిన తరంగాలు చాలాకాలం మూలపడి ఉన్నాయి. అంత పొట్టి తరంగం దూరం పోదు. గోడా, చెట్టూ, వానా దానికి అడ్డంకులే. మన దేశంలో 2022లో ఐదవ తరం సేవలకై వేలం వేసిన పట్టీలలో 26 గిగాహెర్ట్జ్ ఒకటి. దాని తరంగం పొడవు సుమారు 11.5 మిల్లీమీటర్లు, అనగా బోసు చిన్న గదిలో ఆడించిన తరంగాలలోనిదే. అది మోసే సమాచారం అపారం. దాని సెల్లు మాత్రం అతి చిన్నది. చిన్న సెల్లులలో వేగంగా సాగే బస్సుకు అప్పగింతలు మరీ తరచు. బస్సు మలుపు తిరిగినా, మనిషి అడ్డు నిలిచినా బలం పడిపోతుంది. ఇంజనీర్లను నేడు వేధిస్తున్న చిక్కులలో ఇది ఒకటి.

ఇక బోసు విషయం. ఎడతెగక పనిచేసిన గ్రాహకం మందగించి, విశ్రాంతి పిదప తేరుకోవడం ఆయన గమనించారు. లోహానికీ అలసట కలదా అన్న ప్రశ్న ఆయనను భౌతికశాస్త్రం నుండి వృక్షజీవనం వైపు నడిపింది. శరీరశాస్త్రజ్ఞులకు అది రుచించలేదు. 1901లో రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసం ప్రచురణ నిలిచిపోయింది. ఆయన వెనుదిరుగలేదు. అత్తిపత్తి మొక్క ముడుచుకొనడాన్నీ, మరల విప్పారడాన్నీ సూక్ష్మ యంత్రాలతో ఏళ్ళతరబడి లిఖించారు. 1917లో తన జన్మదినాన కలకత్తాలో బోసు సంస్థను స్థాపించారు. 1920లో అదే రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. 1937 నవంబరు 23న, 79వ జన్మదినానికి వారం రోజుల ముందు, గిరిడీలో కన్నుమూశారు.